మెల్లగా తొక్కితేనే తెలిసే లోపం

మన వైపు నుంచి సూరత్ వచ్చే పిల్లలు ఈ మధ్య మగ్గాల మీదికి పోవడం తగ్గింది. కొందరు ఐటీఐ చదివి కార్ల గ్యారేజీల్లో చేరుతున్నారు. అట్లా చేరినవాళ్లు కొందరు నా దగ్గరికి వచ్చి, ఇన్నేళ్ల పనిలో ఏం తెలుసుకున్నావో చెప్పమని అడిగారు. నోటితో చెబుతుంటే మధ్యలో ఆగిపోతున్నాను. అందుకని రాస్తున్నాను.

నేను బ్రేకుల పని చేశాను. మొదట ఉధ్నాలో ఒకరి గ్యారేజీలో, తర్వాత సొంత షెడ్డులో. ఇంజన్ పని, డెంటింగ్ పని నాకంటే బాగా తెలిసినవాళ్లు ఉన్నారు, వాటి జోలికి పోను. షెడ్డు ఎట్లా పెట్టానో, ఎట్లా పెరిగానో కూడా రాయను. అవి ఎవరు చెప్పినా ఒక్కతీరుగానే ఉంటాయి. బ్రేక్ మాస్టర్ సిలిండర్ గురించి రాస్తాను. ఆ పనిలో నేను బండి కింద ఉన్నప్పుడు పైన సీట్లో కూర్చున్న మనిషి గురించి రాస్తాను. ఆ మనిషి నా భార్య రాజవ్వ. ఈ వానాకాలంలో చనిపోయింది.

ఇద్దరి పని

మాస్టర్ సిలిండర్ జానెడు కూడా ఉండదు. మీరు పెడల్ తొక్కితే ఒక కడ్డీ ముందుకు జరిగి సిలిండర్ లోపలి పిస్టన్‌ను తోస్తుంది. పిస్టన్‌కు గిన్నెల్లాంటి రబ్బరు వాషర్లు ఉంటాయి. వాటి అంచు సిలిండర్ గోడకు ఆనుకుని, బ్రేక్ ఆయిల్‌ను వెనక్కి జారనివ్వకుండా ముందుకు నెడుతుంది. ఆ ఒత్తిడి సన్న పైపుల్లో నాలుగు చక్రాలకూ పోతుంది, బండి ఆగుతుంది. అంతే. మనిషి కాలికీ చక్రానికీ మధ్య ఉన్నది ఆ రబ్బరు అంచు ఒక్కటే అని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఆయిల్ నలగదు. గాలి నలుగుతుంది. అందుకని సిలిండర్ మార్చినా, ఏ పైపు విప్పినా, లోపల చేరిన గాలిని తీసెయ్యాలి. ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్‌ను కొన్నిసార్లు తొక్కి, కిందికి పట్టి ఉంచాలి. ఇంకొకరు చక్రం దగ్గర పడుకుని, గాలి బయటికి పోయే చిన్న మర నిప్పల్‌ను పానాతో కొంచెం విప్పాలి. ఆయిల్‌తో పాటు బుడగలు వస్తాయి. నిప్పల్ బిగించాకే పైనున్నవాళ్లు కాలు తియ్యాలి. ముందే తీస్తే బయటి గాలి మళ్లీ లోపలికి పోతుంది.

కిందివాడికి పెడల్ కనబడదు. పైవాడికి నిప్పల్ కనబడదు. ఒకరి మాట ఒకరు నమ్మి చేసే పని ఇది. ఇప్పుడు ఒక్కరే గాలి తీసే పంపులు వచ్చాయి. మంచివే, కొనుక్కోండి. కానీ గాలి తీశాక పెడల్ నిలబడుతుందా, దిగుతుందా అన్నది ఇప్పటికీ ఒక మనిషి తొక్కి చెప్పాల్సిందే.

అరిచే మేస్త్రీ

నాకు పని నేర్పింది కనుభాయ్. చేతిలో గొప్ప పనితనం ఉండేది. సిలిండర్ లోపల చిటికెన వేలు పెట్టి గోరుతో గోడను తడిమేవాడు. గోరుకు ఎక్కడైనా గీత తగిలితే, "దీనికి కిట్ వెయ్యకు, కొత్తది తెప్పించు" అనేవాడు. కిట్ అంటే లోపలి రబ్బర్లు మాత్రమే మార్చడం. గీత పడ్డ గోడ మీద కొత్త రబ్బరు కూడా తొందరగా కోసుకుపోతుంది. ఈ మాట మీరు రాసిపెట్టుకోండి. గోరుకు తగిలిన గీతను తర్వాత ఎవరి మాటలూ చెరపలేవు.

పనితనం అంత ఉన్న మనిషికి నోరు మంచిది కాదు. కింద పడుకుని, "టైట్ హై కి నహీ?" అని అరిచేవాడు. పైన కూర్చున్నవాడు, ఎవడైనా సరే, "టైట్ హై సేఠ్" అనేవాడు. పెడల్ మెత్తగా ఉందంటే మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. చేసినంతసేపూ తిట్లు. నేనూ పైన కూర్చున్న రోజులున్నాయి కాబట్టి ఆ జవాబు ఎట్లా పుడుతుందో తెలుసు. కాలు ఒకటి చెబుతుంటే నోరు ఇంకొకటి అంటుంది.

ఒకసారి అట్లా "టైట్" అయిన కారు సాయంత్రానికల్లా తిరిగి వచ్చింది. రైలు గేటు దగ్గర పెడల్ లోపలికి పోయి, కారు చెరకు రసం బండిని గుద్దింది. మనుషులకు ఏమీ కాలేదు. బండివాడి గాజు గ్లాసులన్నీ పగిలాయి. కనుభాయ్ పెడల్ తొక్కినవాణ్ని పనిలోంచి తీసేశాడు. అతని జాగాలో వచ్చినవాడు కూడా "టైట్ హై" అనే అన్నాడు, ఇంకా తొందరగా.

నా ఉద్దేశంలో తప్పు తొక్కినవాడిది కాదు. పైనున్న మనిషి నోటి నుంచి నిజం రావాలంటే, కిందున్న మనిషి దాన్ని వినే తీరు సరిగ్గా ఉండాలి. నేను సొంత షెడ్డు పెట్టినప్పుడు ఒక్క నియమం పెట్టుకున్నాను. పెడల్ ఎట్లా ఉందని అడిగాక, జవాబు వచ్చేదాకా మళ్లీ అడగను. ఎంతసేపైనా సరే.

చెప్పులు విప్పి ఎక్కిన మనిషి

పెళ్లిళ్ల కాలం వస్తే సూరత్‌లో మన మనుషులు దొరకరు. అందరూ రైలెక్కి ఊళ్లకు పోతారు. షెడ్డు పెట్టిన కొత్తలో ఒకసారి నాతో పనిచేసే అతను పోయాడు. అదే రోజు కిమ్ ఊరి నుంచి ఒక టాక్సీ వచ్చింది. సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే పెడల్ మెల్లమెల్లగా దిగిపోతుందని డ్రైవర్ చెప్పాడు. అప్పటికే వేరే గ్యారేజీల్లో చూపించుకున్నాడు. అందరూ గట్టిగా తొక్కి చూసి, బాగానే ఉంది పొమ్మన్నారట.

రాజవ్వ షెడ్డు వెనక గదిలో చీరల దారాలు కత్తిరించే పని చేసేది. కేకేశాను.

"రాజవ్వా, జర వచ్చి గీ పెడల్ తొక్కు."

"బండ్ల సంగతి నాకేం తెలుసు?"

"తెలిసేదేం లేదు. తొక్కుమంటే తొక్కు, పట్టుమంటే పట్టు."

"గంతేనా? గీ పనికేనా ఇన్ని దినాలు ఒక మనిషిని పెట్టుకున్నవ్?"

వచ్చి, కారు పక్కన చెప్పులు విప్పి, లోపల కూర్చుంది.

"చెప్పులెందుకు ఇప్పినవ్?"

"లోపల దేవుడున్నడు. కనిపిస్తలేడా?"

అద్దం కింద ఒక చిన్న దేవుడి బొమ్మ, ఎండిన పూలదండ ఉన్నాయి. మా గ్యారేజీల్లో ఎవరూ చెప్పులు విప్పి ఎక్కరు. మందం బూట్లతో ఎక్కుతారు, బలంగా తొక్కుతారు. రాజవ్వ వట్టి పాదం పెడల్ మీద పెట్టి, దేవుడి ముందు తొక్కడానికి కూడా మొహమాటపడినట్టు, మెల్లగా ఆనించింది. నేనింకా కింద పడుకోనే లేదు.

"ఏమయ్యా, ఇది పోతున్నది గద."

"ఏంది పోయేది?"

"నా కాలు. లోపటికి పోతున్నది. ఎవలో గుంజుతున్నట్టు."

నేను వంగి చేత్తో పెడల్‌ను గట్టిగా నొక్కాను. రాయిలా నిలబడింది. ఆమె నవ్వింది.

"గట్ల గుద్దితె ఏం తెలుస్తది? మెల్లగ పెట్టు."

మెల్లగా నొక్కాను. దిగింది.

కారణం ఇది. రబ్బరు అంచు కొంచెం అరిగి ఉంటే, గట్టిగా తొక్కినప్పుడు ఆయిల్ ఒత్తిడే ఆ అంచును గోడకు అదిమి పట్టుకుంటుంది. లోపం దాక్కుంటుంది. మెల్లగా తొక్కినప్పుడు అంచు వదులుగా ఉండి, పక్కనుంచి ఆయిల్ వెనక్కి జారుతుంది. సిగ్నల్ దగ్గర ఎవరూ గట్టిగా తొక్కరు, కాలు ఆనించి ఉంటారు. లోపం అక్కడే బయటపడుతుంది. ఈ సంగతి నేను ఒక మెకానిక్ పుస్తకంలో తర్వాత చదివాను. మొదట విన్నది ఆమె నోటినుంచే. మీరు కూడా ఎప్పుడూ రెండు తీర్లా తొక్కి చూడండి. రెండోది మొదటిదానికంటే ముఖ్యం.

సిలిండర్ మార్చి టాక్సీని పంపించాక రాజవ్వ అడిగింది.

"నాకు కూలి ఇస్తవా?"

"దినాం బువ్వ తింటున్నవ్ గద."

"వండేది నేనాయె."

ఆ తర్వాత పెడల్ తొక్కడానికి నేను వేరే మనిషిని పెట్టుకోలేదు. పెళ్లికి పోయిన అతను తిరిగొచ్చి చక్రాల పని చూసుకున్నాడు.

మగ్గం నూనె

ఆమె తమ్ముడు మల్లేశం జోల్వాలో మగ్గాలు బాగుచేసే మేస్త్రీ. మగ్గం ఎక్కడ కదిలినా, ఎక్కడ అరిచినా అతని దగ్గర ఒకటే మందు, నూనె. ఒక పాత వ్యాన్ కొన్నాడు. బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఆయిల్ తగ్గిందని చూసి, మగ్గానికి పోసే నూనె తెచ్చి దాంట్లో పోశాడు. కొంత దూరం పోయాక బ్రేకులు పట్టేసుకుని వదల్లేదు. చక్రాలు కాలి పొగ వస్తుంటే లారీకి కట్టి లాక్కొచ్చాడు.

"నీళ్ల లెక్క ఉంటది బావా మా నూనె. మస్తు సాఫ్. గా డబ్బా ఆయిల్ కంటె మంచిగుంటది."

"మగ్గానికి బ్రేకుంటదారా?" అని రాజవ్వ అడిగింది.

"ఎందుకుండదక్కా. ఉంటది."

"అయితె ఊరికి మగ్గం మీదనే పోరాదు. గీ వ్యాన్ ఎందుకు?"

సిలిండర్ విప్పి రబ్బర్లు చూపించాను. ఉబ్బి మెత్తబడి ఉన్నాయి. మామూలు నూనె తగిలితే ఆ రబ్బరు ఉబ్బుతుంది. ఉబ్బి, ఆయిల్ వెనక్కి పోయే చిన్న రంధ్రాన్ని మూసేస్తుంది. కాలు తీసినా ఒత్తిడి వదలదు. ఒక్క మాస్టర్ సిలిండర్ మార్చి పంపించమని మల్లేశం బతిమిలాడాడు. నేను ఒప్పుకోలేదు. ఆ నూనె నాలుగు చక్రాల దాకా పోయింది. పైపులన్నీ కడిగి ప్రతి రబ్బరూ మార్చాం. బామ్మర్ది అయినా, కొత్తవాడైనా, ఈ విషయంలో సగం పని చెయ్యకండి. అక్క ఆ రోజంతా తమ్ముణ్ని ఏడిపించింది. అతను పైపులు తుడిచాడు.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకొన్ని చెబుతాను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సూరత్ వానాకాలంలో ఇంకా ఎక్కువ. మూత తీసి పెట్టిన డబ్బా ఆయిల్ వాడకండి. పాత ఆయిల్‌ను ఎప్పటికప్పుడు పూర్తిగా మార్చండి, తగ్గినంత పోసి ఊరుకోకండి. మగ్గాల దగ్గర తిరిగే బండ్ల మీద దారాల నూగు పేరుకుంటుంది. ఆయిల్ డబ్బా మూత విప్పే ముందు చుట్టూ తుడవండి, మూతలో గాలి ఆడే రంధ్రం నూగుతో మూసుకుపోయిందేమో చూడండి. పాత బండికి గాలి తీసేటప్పుడు పెడల్‌ను అడుగుదాకా తొక్కకండి. సిలిండర్ లోపల రోజూ వాడని చివరి భాగం తుప్పు పట్టి ఉంటుంది, రబ్బరు అక్కడిదాకా పోతే చినుగుతుంది. పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టండి. కొత్త సిలిండర్‌ను బండికి బిగించే ముందే బల్ల మీద బిగించి పట్టే శిగంజకు పట్టించి, ఆయిల్ పోసి, కడ్డీతో మెల్లగా తోసి గాలి తియ్యండి. ఇది చెయ్యకుండా బిగించి, తర్వాత గంటలకొద్దీ తొక్కేవాళ్లను చాలామందిని చూశాను.

డాక్టరమ్మ దగ్గర

రాజవ్వకు చక్కెర జబ్బు వచ్చింది. మందులు వేసుకునేది. కొన్నేళ్లకు పాదాలు మండుతున్నాయంది, తర్వాత మండడం లేదంది. తగ్గిందనుకున్నాను. ఒకరోజు పాదానికి చీల గుచ్చుకుంటే రక్తం చూసి నేను చెప్పేదాకా ఆమెకు తెలియలేదు. ఆల్థాన్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఒక పుల్లకు కట్టిన సన్న దారంలాంటిది తీసింది.

"ఆంఖే బంద్ కరో మాసీ. జబ్ లగే, హా బోల్‌నా."

తగిలినప్పుడు హా అనాలన్నమాట. రాజవ్వ కళ్లు మూసుకుంది. దారం బొటనవేలికి తగిలింది. రాజవ్వ ఏమీ అనలేదు. మడమకు తగిలింది. ఏమీ అనలేదు. డాక్టరమ్మ చెయ్యి వెనక్కి తీసి, దారాన్ని గాలిలో పట్టుకుని ఆగింది. అప్పుడు రాజవ్వ "హా" అంది.

డాక్టరమ్మ నా వైపు చూసింది. మళ్లీ అన్ని చోట్లా ఓపికగా ఆనించింది. రాజవ్వ తగిలినప్పుడు ఊరుకుని, తగలనప్పుడు "హా" అంటూ పోయింది. చివరికి డాక్టరమ్మ ఆమె పాదాన్ని తన చేతిలో పట్టుకుని, చెప్పులు లేకుండా ఎక్కడా నడవొద్దని చెప్పి, చీల గాయానికి మందు రాసింది. కాలికి స్పర్శ పోయిందని నాకు విడిగా చెప్పింది.

తిరిగి వస్తుంటే ఆటోలో రాజవ్వ, "డాక్టరమ్మ మంచిది" అంది. నేను ఔనన్నాను.

దారం తగలకున్నా ఆమె ఎందుకు "హా" అందో నాకు తెలుసు. దారాలు కత్తిరించే పని ఆమెకు చూపు తగ్గి అప్పటికే పోయింది. మాకు పిల్లలు లేరు. షెడ్డుకు వచ్చే డ్రైవర్లు నన్ను అడిగేముందు, "మాసీ ఏమంటుంది?" అని అడిగేవాళ్లు. ఆ సీటు పోతే ఆమెకు మిగిలేది వెనక గది.

కానీ కాలికి తెలియని మనిషి పెడల్ నిలబడిందని చెబితే, ఆ బండి ఎక్కేవాళ్ల సంగతి ఏమిటి? ఈ మాట ఆమెతో ఎట్లా అనాలో నాకు తెలియలేదు.

వ్యాన్ పని

ఆ ఆదివారమే మల్లేశం వ్యాన్ తెచ్చాడు. అప్పటికి మగ్గాల పని వదిలేసి, జోల్వా మగ్గాల వాళ్ల పిల్లలను బడికి తిప్పుతున్నాడు. ఆయిల్ తగ్గుతోంది, కింద ఎక్కడా చుక్క లేదు అన్నాడు. ఇట్లాంటప్పుడు మాస్టర్ సిలిండర్‌ను, దాని వెనక కాలి బలాన్ని పెంచే బూస్టర్ నుంచి విప్పి వెనక చూడండి. ఆయిల్ బూస్టర్ లోపలికి కారుతుంటుంది. విప్పి చూస్తే తడిగా ఉంది. కొత్త సిలిండర్ తెప్పించి, బల్ల మీద గాలి తీసి, బిగించాను.

"రేపు పిల్లలను ఎక్కించుకోవాలె బావా. ఇయ్యాల్నే ఇయ్యాలె" అని మల్లేశం టైరు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

రాజవ్వ వచ్చింది. డాక్టరమ్మ చెప్పినా, అలవాటుగా చెప్పులు బండి పక్కన విప్పి ఎక్కింది. పాదాన్ని పెడల్ మీద పెట్టడానికి వంగి చూసుకుంది. అంతకుముందు ఎప్పుడూ అట్లా చూసుకోలేదు.

నాలుగు చక్రాల గాలి తీశాం. ఆఖరి పరీక్ష మిగిలింది. ఆమె ఏం చెప్పినా, తర్వాత పెడల్‌కు పుల్ల ఆనించి నేనే కొలుచుకోవచ్చని ఒక స్కేలు, పుల్ల జేబులో పెట్టుకున్నాను. వెనక చక్రం దగ్గర పడుకుని అన్నాను.

"రాజవ్వా, మెల్లగ తొక్కి పట్టు. ఎట్లున్నదో చెప్పు."

జవాబు రాలేదు. మళ్లీ అడగలేదు. మల్లేశం చాయ్ తాగడం ఆపినట్టున్నాడు. నిలబడ్డదని ఆమె అంటుందేమోనని నాకు భయంగా ఉంది. అట్లా అంటే, ఆమె మాటను ఆమెకు తెలియకుండా కొలవాలి. మొదటిసారి.

"తెలుస్తలేదు" అంది.

"ఏం తెలుస్తలేదక్కా?" అన్నాడు మల్లేశం.

"నిలవడ్డదో, పోతున్నదో. కాలుకు తెలుస్తలేదురా. శాన దినాలాయె."

నేను బయటికి వచ్చాను. ఆమె రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని తన పాదం వైపు చూస్తోంది.

"ఇగ నన్ను ఇంట్ల కూసోమంటవా?"

కూర్చోవద్దంటే పిల్లల వ్యాన్ ఉంది. కూర్చోమంటే ఆమె ఉంది. జేబులోంచి పుల్ల, స్కేలు తీసి ఆమెకు చూపించాను.

"ముందుగాల వ్యాన్ సంగతి చూద్దాం. తర్వాత నీ సంగతి."

ఆమె పుల్లను చూసింది, నన్ను చూసింది. "తెలుసన్నమాట నీకు" అంది.

కొలిచాను. పెడల్ నిలబడే ఉంది. వ్యాన్ బాగుంది. మల్లేశం లేచి తాళం చేతులు తీసుకోబోతుంటే రాజవ్వ, "ఆగురా" అంది. కుడి మోకాలి మీద అరచెయ్యి పెట్టుకుంది. చేతి వెనక భాగాన్ని స్టీరింగ్ అంచుకు ఆనించింది. పెడల్ దిగితే మోకాలు చేతికింద నుంచి దూరం జరుగుతుంది. అది ఆమె అప్పటికప్పుడు కనుక్కుంది.

"నువ్వు కిందికి పో. నిప్పల్ ఇప్పుతవో ఇప్పవో నాకు చెప్పకు. పోయిందో లేదో నేను చెప్త. తప్పైతె లోపటికి పోయి కూసుంట."

"అక్కా, ఆయిలంత పోతది."

"పోనీ. నీ మగ్గం నూనె కాదు గద."

నేను పడుకున్నాను. ఆమె తొక్కి పట్టింది. నిప్పల్‌ను సన్నగా విప్పాను.

"పోతున్నది."

బిగించాను. ఆమె కాలు తీసి మళ్లీ తొక్కింది. ఈసారి పానా పెట్టాను గానీ తిప్పలేదు. కొంచెంసేపు అయింది.

"లేదు. నిలవడ్డది."

మల్లేశం నా పక్కన వంగి పానా వైపు చూస్తూ సాక్షిలాగా ఉన్నాడు. మూడుసార్లు వరసగా తిప్పకుండా ఉండి, నాలుగోసారి కనబడీ కనబడనంత తిప్పాను. ఆమె అన్నీ సరిగ్గా చెప్పింది. కావాలని ఓడించాలనే చూశాను. దయ చూపిస్తే ఆ పరీక్షకు అర్థం లేదు. ఆమె ఓడలేదు.

"ఇగ చాలు బావా," అన్నాడు మల్లేశం. "గీమెకు మోకాలు కాదు, మీటర్."

పానా తిప్పని రోజు

ఆ తర్వాత కొన్నేళ్లు ఆమె అట్లాగే చెయ్యి మోకాలి మీద పెట్టుకుని పనిచేసింది. పిల్లల బండ్లకు పుల్లతో కూడా కొలిచేవాళ్లం, ఆమె ముందే. అప్పుడప్పుడు తనే, "నన్ను చూడు" అనేది. అంటే ఆ పరీక్ష పెట్టమని. పెట్టేవాణ్ని.

కిడ్నీలు పాడయ్యాక మనిషి చాలా నీరసించింది. అయినా డయాలిసిస్ లేని రోజు షెడ్డులోకి వచ్చి కూర్చునేది. ఈ ఎండాకాలంలో ఒకరోజు, పని ఏమీ లేని వేళ, మా పాత కారులో ఎక్కి కూర్చుని, "నన్ను చూడు" అంది.

నేను కింద పడుకుని నిప్పల్ మీద పానా పెట్టాను. తిప్పలేదు.

"పోతున్నది" అంది.

నేను పానా వైపు చూశాను.

"ఇప్పినవ్ గద?"

పానా నిప్పల్ మీదే ఉంది. కొంచెం తిప్పితే పెడల్ దిగేది, ఆమె మాట నిజమయ్యేది. ఆమెకు ఎప్పటికీ తెలిసేది కాదు. అది ఎవరికీ ఇచ్చే బండి కాదు, ఇచ్చే బండ్లన్నిటినీ ఎట్లాగూ కొలుస్తున్నాం. ఎవరికీ ఏ నష్టమూ లేదు.

"ఇప్పలే" అన్నాను.

"మల్లొక్కసారి" అంది. ఈసారి విప్పాను. ఆయిల్ కారింది. ఆమె చాలాసేపు చూసి, "లేదు" అంది. నేను విప్పానని చెప్పాను.

దిగడానికి చెయ్యి పట్టుకున్నాను. షెడ్డు ముందు కుర్చీలో కూర్చున్నాక, రోడ్డు వైపు చూస్తూ అంది.

"అబద్ధం చెప్తవేమో అనుకున్న."

"ఎందుకు?"

"నా మీద ప్రేమ, పావురంతోని."

"చెప్తె ఏమయ్యేది?"

"రేపటి సంది నీ మాట నమ్మకపోతుంటి."

ఆమె మళ్లీ ఆ సీట్లో కూర్చోలేదు. వానలు మొదలయ్యాక పోయింది.

ఆ రోజు పానా కొంచెం తిప్పి ఉంటే ఆమె ఇంకొన్ని రోజులు వచ్చి అక్కడ కూర్చునేది. ఆ కొన్ని రోజులు నాకు ఇప్పుడు కావాలి. ఇది దాచి రాయడం నాకు చేతకాదు. కానీ నేను చేసింది సరైనదేనని ఆమె తన నోటితో చెప్పింది. పెడల్ గురించి ఆమె చెప్పిన మాట ఎప్పుడూ నమ్మి పనిచేశాను. ఇది కూడా నమ్ముతున్నాను.